బంగారు కార్డూ, సిస్టరమ్మ వేళ్ళూ

నా నర్సు ఉద్యోగంలో నేను సూది తప్పు చోట గుచ్చింది ఒకే ఒక్కసారి. అదీ సూది లేకుండా. అదీ ఆసుపత్రిలో కాదు, ఒడిశాలో మా రాయగడ బజారులో ఒక కిరాణా దుకాణం బల్ల దగ్గర. ఆ దెబ్బకి ఒక పెద్దమనిషి పరువు పోయింది, తొమ్మిదిమంది పిల్లలు ఏడ్చారు, మా కాలనీ ఆడవాళ్ళు న్యాయం కోసం ఊరేగింపు తీశారు. ఆ ఊరేగింపుకి అందరికంటే ముందు నడిచింది ఎవరయ్యా అంటే, దొంగ. అంటే నేను. ఇది జరిగి ఆరేళ్ళయింది. కాలనీవాళ్ళు అప్పటినుంచీ నవ్వుతూనే ఉన్నారు, పాపం అలిసిపోయి ఉంటారు. కాసేపు మీరు అందుకోండి.

ముందు నా వేళ్ళ సంగతి చెప్పాలి. గొప్పలు చెప్పుకోవడం పాపమని మా నాన్నగారు పద్మపూర్‌లో పాఠాలు చెప్పినంత కాలమూ చెప్పారు. బళ్ళో పిల్లలకీ చెప్పారు, ఆదివారం చర్చిలో పెద్దలకీ చెప్పారు, ఇంట్లో నాకూ చెప్పారు. అయినా ఉన్న మాట దాచడం కూడా పాపమే కదా. నాకు మొదటి పోస్టింగు బంధుగాంలో. జ్వరాలతో వాడిపోయి వచ్చే పసిపిల్లలకి నరం కంటికి కనిపించేది కాదు. కళ్ళు మూసుకుని, చూపుడు వేలూ మధ్య వేలూ చేతి మీద మెల్లగా నడిపిస్తే, ఎక్కడో ఒకచోట చిన్న దారంలాగా తగిలేది. అక్కడ గుచ్చితే గురి తప్పేది కాదు. రాయగడకి బదిలీ అయ్యేసరికి డాక్టర్లు కూడా, "సుగుణ సిస్టర్‌ని పిలవండి, ఆవిడ వేళ్ళకి కళ్ళున్నాయి" అనేవారు. ఇలాంటి మాట ఒకసారి వింటే మనిషి బాగుపడుతుంది. పదిసార్లు వింటే నాలా అవుతుంది.

వేళ్ళతోపాటు నాకు ఇంకో అలవాటు ఉంది. నరం వెతుకుతున్నంతసేపూ నోరు ఊరుకోదు. పిల్లలు బెదిరిపోకుండా ఒక పాటలాంటిది పాడతాను. "సిన్న సీమ, సిన్న సీమ, కుట్టీసింది, ఎల్లిపోయింది!" అంతే పాట; సీమ అంటే మా వైపు చీమ. 'ఎల్లిపోయింది' అనేసరికి సూది లోపలికి వెళ్ళి బయటికి వచ్చేసి ఉంటుంది. మా కాలనీలో నా చేత పొడిపించుకోని పిల్లలు లేరు. పిల్లలకి కావడి పాటలూ జోలపాటలూ తెలుసో లేదో గాని, ఈ సీమ పాట మాత్రం అందరికీ వచ్చు.

ఇక కార్డుల సంగతి. ఆ ఏడాది ఊళ్ళో పిల్లలందరికీ ఒకేసారి క్రికెట్ కార్డుల పిచ్చి పట్టింది. మెరిసే కాగితం ప్యాకెట్టులో ఐదు కార్డులు. ఏవి ఉన్నాయో పైకి కనిపించదు. చాలావాటిలో బౌలర్లూ, ఫీల్డర్లూ, అన్నిటికంటే ఎక్కువగా టోపీ పెట్టుకుని వేలెత్తిన అంపైరూ ఉంటారు. ఎప్పుడో ఒక ప్యాకెట్టులో మాత్రం బంగారు రంగు కార్డు వస్తుంది. అది వచ్చినవాడు ఆ పూట బళ్ళో ముఖ్యమంత్రి.

మా అబ్బాయి నోయెల్‌కి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఒకరోజు బడి నుంచి వచ్చి సంచీ కింద పడేసి, మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏటైందిరా?"

"మా కలాసులో అందరికీ గోల్డు కార్డుందమ్మా. నాకే నేదు."

"అందరికీ అంటే ఎంతమందికి?"

వాడు కాసేపు లెక్కపెట్టుకుని, "ఒక్కడికి" అన్నాడు.

తల్లి మనసు కదా, ఆ ఒక్కడు చాలు. సాయంత్రం వాణ్ణి వెంటబెట్టుకుని మౌసా దుకాణానికి వెళ్ళాను.

మౌసా అంటే ఒడియాలో పిన్ని భర్త. ఆయన ఎవరికీ అలా చుట్టం కాదు, అందుకే అందరికీ చుట్టమయ్యాడు. కటక్ వైపు మనిషి, అరవై దాటాయి. దుకాణం పెట్టి అప్పటికి రెండేళ్ళే. మేమందరం ఆయనతో ఒడియాలోనే మాట్లాడతాం కాబట్టి ఆయనకి తెలుగు నేర్చుకునే అవసరం పడలేదు. 'లేదు', 'రేపు' అనే రెండు మాటలు వచ్చు, దుకాణదారుకి అవి చాలు. బడి వదలగానే పిల్లలందరూ అక్కడే. ఆయన కుండలో నీళ్ళు తాగుతారు, ఆయన బల్ల మీద హోంవర్కు రాస్తారు. ఎవరికి జలుబు, ఎవరికి లెక్కలు రావు, అన్నీ ఆయనకి తెలుసు.

బల్ల మీద ఒక ప్లాస్టిక్ బుట్ట, నిండా కార్డుల ప్యాకెట్లు. ఒకటి తీద్దామని చెయ్యి పెట్టాను. నిజంగా చెప్తున్నాను, మొదటిసారి నాకు ఏ దురుద్దేశమూ లేదు. కానీ వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. మూడో ప్యాకెట్టు దగ్గర ఆగాయి. మిగతావాటికంటే వెంట్రుకవాసి మందం, అంచున సన్నటి గట్టు. నరం తగిలినట్టే తగిలింది. తీసి నోయెల్ చేతిలో పెట్టాను. వాడు చింపాడు. బంగారు కార్డు!

"అమ్మా! ఎలగ తీసేవమ్మా?"

ఇక్కడ నిజం చెప్పేసి ఉంటే ఈ కథ లేదు. కానీ వాడి కళ్ళు చూశాను. ఆ కళ్ళలో నేను స్టాఫ్ నర్సుని కాదు, బైబిల్లో మోషే ప్రవక్త పక్కన నిలబడదగ్గ మనిషిని. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"ప్రార్థన సేసి తీసేను నాన్నా."

ఆ ఒక్క అబద్ధం ఎంత దూరం నడిచిందో ముందు ముందు చూస్తారు.

కొత్త సరుకు శనివారం మధ్యాహ్నం విశాఖ వైపు నుంచి వచ్చేది. పొద్దుటి డ్యూటీ దిగి, పిల్లలు వచ్చేలోపల నేను వెళ్ళేదాన్ని. ముందు ఒక్క ప్యాకెట్టు చాలనుకున్నాను. రెండో వారం రెండు తీశాను. మూడో వారానికి బుట్ట మొత్తం తడిమేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేనూ కళ్ళు మూసుకునే తాగాను, కాకపోతే నా పద్ధతే అది కాబట్టి తప్పనిపించలేదు. ఆరు వారాల్లో మా వాడి పెట్టెలో పదకొండు బంగారు కార్డులు చేరాయి. నాకు ఒక్కటి కూడా గురి తప్పలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, మొదట్లో వాడి కోసమే చేశాను, తర్వాత మాత్రం నా వేళ్ళ కోసం చేశాను. ఆసుపత్రిలో నాకెవరూ పతకం ఇవ్వలేదు. ఇక్కడ వారం వారం నేనే తెచ్చుకుంటున్నాను.

మా ఆయన ప్రభుదాసు ఇంజినీరింగు ఆఫీసులో గుమాస్తా. టెండర్ల పెట్టెకి తాళం ఆయన దగ్గరే ఉంటుంది. మనిషి మెత్తన, మాట మాత్రం రూళ్ళకర్ర. ఒక శనివారం భోజనాల దగ్గర మొదలుపెట్టారు.

"ఏటి సుగుణా, వారం వారం మనోడికే గోల్డు వస్తంది?"

"దేవుడి దయండి."

"దేవుడి దయా, నీ వేళ్ళ దయా?"

కాపురం చేసిన మనిషి దగ్గర ఎంతకాలం దాస్తాం. ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఎదురు తిరిగాను.

"తప్పేటండి? మీరు బెండకాయలు కొన్నప్పుడు తోక ఇరిసి సూడరా? పుచ్చకాయ కొట్టి సూడరా? కొబ్బరికాయ సెవి కాడ పెట్టుకుని ఊపరా? ఇదీ అంతే."

"బెండకాయకి సీలేసేడేటి దేవుడు?"

"అంటే?"

"సీలేసినదాన్ని ఏటుంటే అదే నాది అనుకుని కొనాలి. మా ఆఫీసుకి టెండరు కవర్లొస్తాయి. నాను వాటిని పిసికి, దీపం కాడ పెట్టి, లోపలేటుందో సెప్పీసేననుకో. నన్ను ఆ పూటే ఇంటికి పంపిస్తారు. కవరు సింపలేదు సార్, తడిమేనంతే అంటే ఊరుకుంటారేటి?"

"టెండరూ, గుంటలాటా ఒకటేనా?" అన్నాను. గుంటలంటే మా వైపు పిల్లలు.

"గుంటలాటకే ఎక్కువ నిజం గావాలి. పెద్దోలు మోసపోతే కోర్టుకెల్తారు. గుంటలెక్కడికెల్తారు?"

జవాబు లేనప్పుడు ఏ ఇల్లాలైనా చేసే పనే నేనూ చేశాను. "సల్లారిపోతంది, తినండి" అన్నాను. ఆ మాటతో మా ఇంట్లో చాలా సత్యాలు చల్లారిపోయాయి.

నేను గమనించని విషయం ఒకటుంది. బుట్టలో వందసార్లు పిసికిన ప్యాకెట్లు ఎలా ఉంటాయి? నలిగిపోయి, అంచులు మడతపడి, ఎవరో తెరిచి మళ్ళీ అతికించినట్టు ఉంటాయి. పిల్లలు అవే కొనుక్కుంటున్నారు. చింపితే అంపైరు. మళ్ళీ కొంటే మళ్ళీ అంపైరు. ఆరు వారాలుగా కాలనీలో బంగారు కార్డు ముఖం చూసినవాడు నోయెల్ తప్ప ఇంకొకడు లేడు. నోయెల్‌ది ప్రార్థన బలం అని వాడే అందరికీ చెప్పుకున్నాడు కాబట్టి వాడి మీద అనుమానం లేదు. మరి అనుమానం ఎవరి మీదకి పోతుంది?

మా పక్కింటి రత్నాలు వదిన మునిసిపాలిటీలో ఊడ్చేవాళ్ళ మీద సూపర్వైజరు. ఆవిడ గొంతెత్తితే మూడు వీధుల చెత్త దానంతట అదే పక్కకి జరుగుతుంది. ఒకరోజు కుళాయి దగ్గర నన్ను పట్టుకుంది.

"ఓలమ్మ సిస్టరా, ఇన్నావా? ఆ మౌసా ప్యాకెట్లు ముందే ఇప్పి, గోల్డులు తీసీసి, మళ్ళీ అతికించి మన గుంటలకి అంటగడతన్నాడంట!"

నేను బిందె కుళాయి కిందికి తోసి అడిగాను. "ఎవరన్నారు వదినా?"

"ఎవరనడమేటి, ప్యాకెట్లు సూడు, ఎలగ నలిగిపోయున్నాయో! మా పింకికి తొమ్మిది కొన్నాను. తొమ్మిదింట్లోనూ ఆ టోపీ అంపైరే. మా ఇంట్లో మనుసులు నలుగురు, అంపైర్లు తొమ్మిదిమంది. రాత్రి అది దుప్పటి కప్పుకుని ఏడిసింది సిస్టరా. దేవుడికి నా మీద కోపమా అమ్మా అని అడిగింది."

నేను, "పోనీలే వదినా, ఆట కదా" అన్నాను.

రెండు రోజుల్లో పిల్లలు మౌసా దుకాణానికి వెళ్ళడం మానేశారు. ముందు నుంచి పోయేటప్పుడు "చోర్ మౌసా" అని అరిచి పరిగెత్తేవారు. నేను డ్యూటీ నుంచి వస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నీళ్ళకుండ మెడదాకా నిండుగా ఉంది. బల్ల మీద ఒక్క పుస్తకం లేదు.

"సిస్టర్ మా, పిల్లలెవరూ రావడం లేదు. ఊళ్ళో ఏమైనా జ్వరాలు తిరుగుతున్నాయా?" అని ఒడియాలో అడిగాడు. ఆడవాళ్ళందరినీ ఆయన 'మా', అంటే అమ్మా, అనే పిలుస్తాడు.

ఆయన నిజంగానే భయపడుతున్నాడు. నన్ను నర్సుగా నమ్మి అడుగుతున్నాడు. అప్పుడైనా చెప్పవచ్చు కదా? "ఉన్నాయి మౌసా, కొంచెం" అని తలవంచుకుని వచ్చేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను చెప్పిన తప్పుడు రిపోర్టు అదొక్కటే. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆదివారం నాలుగు గంటలకి మా ఇంటి ముందు ఏడుగురు ఆడవాళ్ళు, తొమ్మిదిమంది పిల్లలు. రత్నాలు వదిన చీర కొంగు బిగించి నిలబడింది.

"సిస్టరా, పద. మౌసాని అడగాల."

"నాకు డ్యూటీ ఉంది వదినా."

"ఈ రోజు నీకు ఆఫ్ అని నోయెలు సెప్పేడు."

"తలనొప్పి..."

"మాత్ర ఏసుకుని రా. నాను మాటాడితే అరుపులాగుంటాది. నువ్వు సదువుకున్నదానివి, నీ మాటంటే మౌసాకి గౌరవం. నువ్వే ముందుండాల."

దొంగ చేతికి తాళం ఇవ్వడం గురించి విన్నాం. దొంగ చేతికి లాఠీ ఇవ్వడం మా కాలనీలోనే చూశాను. వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూశాను. ఆయన పేపరు కొంచెం కిందకి దించి, "ఎల్లు, ఎల్లు. న్యాయం గావాలి కదా" అని మళ్ళీ పేపరు పైకెత్తేశారు. పేపరు వణుకుతోంది. నవ్వుతున్నారు.

దారి పొడవునా నేను ఒక పథకం వేశాను. మెత్తగా నాలుగు మాటలు అని, పొరపాటు ఎక్కడో సరుకు తయారుచేసే దగ్గర జరిగిందని తేల్చి, అందర్నీ ఇంటికి పంపించేద్దామని. కానీ మనిషికి ముందు నడిచే అవకాశమూ, వెనక ఏడుగురు వినేవాళ్ళూ దొరికితే నోరు మాట వింటుందా? దుకాణం ముందు నిలబడగానే నాకు ఆవేశం వచ్చేసింది. మా ఆయన టెండరు ఉపన్యాసం మొత్తం దొంగిలించి ఒడియాలో దంచేశాను.

"మౌసా, సీలు వేసిన వస్తువంటే ఏమిటి? ఏముంటే అది అని నమ్మి కొనేది. దాన్ని ముందే తడిమి చూసినవాడు చింపినవాడితో సమానం. పెద్దవాళ్ళు మోసపోతే కోర్టుకెళ్తారు. పిల్లలెక్కడికెళ్తారు?"

"బాగా సెప్పేవు!" అని వెనక నుంచి రత్నాలు వదిన. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఒక్క క్షణం, ఒట్టు, నాకే నా మీద గౌరవం కలిగింది.

మౌసా నా వైపు చూశాడు. తర్వాత నన్ను దాటి పిల్లల వైపు చూసి, రెండు చేతులూ జోడించాడు. "జగన్నాథుడి మీద ఒట్టు, నేను ఒక్క ప్యాకెట్టు తెరవలేదు" అన్నాడు.

"మరి గోల్డులెక్కడికి పోతన్నాయి? ప్యాకెట్లెందుకు నలిగున్నాయి?" అని రత్నాలు వదిన ఒడియాలో గద్దించింది.

"ఒక మా వస్తుంది."

నేను ఒక అడుగు వెనక్కి వేస్తే, రత్నాలు వదిన ఒక అడుగు ముందుకు వేసింది.

"ఎవులా యమ్మ?"

"పేరు చెప్పను. మంచి మనిషి. శనివారం వస్తుంది. బుట్టలో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసుకుంటుంది. ప్రార్థన అయ్యాక ప్యాకెట్టు తీసుకుని వెళ్ళిపోతుంది. ప్యాకెట్లు నలిగితే నలగనీ. బిడ్డ కోసం తల్లి దేవుణ్ణి అడుగుతుంటే ఆపడానికి నేనెవర్ని? అది దొంగతనమని ఎలా అంటాను?"

ఈ మాటలన్నీ చెప్తున్నంతసేపూ ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే అందరికీ తెలిసిపోతుందని. తనని పిల్లలు వీధిలో దొంగా అని పిలుస్తున్నా, నా పేరు కాపాడుతున్నాడు. నేనేమో ఆయన గుమ్మంలోనే నిలబడి ఆయనకి నీతి బోధించాను. ఆ క్షణాన నోరు తెరిచి చెప్పేద్దామనే అనుకున్నాను. నిజం. కానీ రత్నాలు వదిన నాకంటే ముందు తెరిచింది.

"పార్థనా? ఏటి పార్థన? మాకూ సెప్పు, మేమూ సేసుకుంటాం!"

"మీ దేవుడి భాష నాకు రాదు మా. విని విని నోటికి వచ్చింది, అంతే." మౌసా భక్తిగా కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, ఒడియా యాసలో మొదలుపెట్టాడు. "సిన్నొ సీమొ, సిన్నొ సీమొ, కుట్టిసిందొ, ఎల్లిపొయిందొ..."

మీకు ప్రమాణం చేసి చెప్తున్నాను. ప్యాకెట్లు తడిమేటప్పుడు నా నోరు పాడుతోందని నాకు అప్పటిదాకా తెలియదు. వేళ్ళు నడిస్తే నోరు నడుస్తుంది, ఇన్నేళ్ళ అలవాటు. బజారు మధ్యలో, కిరాణా దుకాణంలో, కాగితం ప్యాకెట్లకి నేను ఆరు వారాలు ఇంజెక్షను పాట పాడాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అని సామెత. ఆ రోజు దొంగని నేను. భుజాలు తడుముకున్నది మాత్రం పిల్లలు! ఆ పాట చెవిన పడగానే తొమ్మిదిమందీ ఎడమ చేత్తో కుడి భుజాన్నో, కుడి చేత్తో ఎడమ భుజాన్నో పట్టుకున్నారు. పింకి అయితే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "అమ్మా, నాకొద్దు" అని ఏడుపు లంకించుకుంది. అందరికంటే చిన్నవాడు రోడ్డు దాటి పారిపోయాడు.

ఏడుగురు ఆడవాళ్ళూ మెల్లగా నా వైపు తిరిగారు.

"సిస్టరా," అంది రత్నాలు వదిన. ఆవిడ గొంతు అంత చిన్నదిగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "సీమ కుట్టింది ఎవులికే?"

"నాకే వదినా," అన్నాను.

ముందు రత్నాలు వదిన నవ్వింది. ఆవిడ నవ్వు అరుపుకంటే పెద్దది. తర్వాత అందరూ నవ్వారు. మౌసాకి ఎవరో ఒడియాలో అర్థం చెప్పారు. ఆయన నవ్వలేదు. ఆశ్చర్యంగా నా వైపు చూశాడు.

"ప్రార్థన కాదా మా? ఇంజెక్షనా?"

"కాదు మౌసా. నన్ను క్షమించండి."

"నీ కొడుకే చెప్పాడు మా, ప్రార్థన అని. నువ్వు చేసుకున్నప్పుడల్లా నేనూ లోపల చేతులు జోడించాను," అన్నాడాయన నొచ్చుకుంటూ. "ఆరు వారాలు."

పక్కకి చూస్తే మా వెనకే వచ్చిన నోయెల్ నిలబడి ఉన్నాడు. వాడూ నవ్వలేదు. "అది దేవుడు కాదా అమ్మా?" అని అడిగాడు. కాదు నాన్నా, నా వేళ్ళే, అని చెప్పాను. నా జీవితంలో అంత కష్టమైన రిపోర్టు ఇంకెవరికీ ఇవ్వలేదు. వాడు ఇంటికి పరిగెత్తాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఐదు నిమిషాల్లో వాడి పెట్టె పట్టుకుని తిరిగి వచ్చాడు. పదకొండు బంగారు కార్డులూ మౌసా బల్ల మీద పెట్టేశాడు. వాడి దగ్గరున్న మామూలు కార్డులు కూడా కలిపేశాడు.

మౌసా అన్నిటినీ బోర్లించి బాగా కలిపాడు. పిల్లలొక్కొక్కరూ వచ్చి కళ్ళు మూసుకుని రెండేసి తీసుకోవాలన్నాడు. తడమకూడదు, చెయ్యి పడిందే తీసుకోవాలి. ఈ నియమం చెప్పేటప్పుడు మాత్రం నా వైపు చూశాడు. రత్నాలు వదిన నన్ను బల్లకి నాలుగు అడుగుల దూరంలో నిలబెట్టి, చేతులు కట్టుకోమంది. కట్టుకున్నాను. పింకి తీసిన రెండిట్లో ఒకటి బంగారం. ఆ పిల్ల దాన్ని పట్టుకుని తల్లి దగ్గరికి వెళ్ళి, "దేవుడికి నా మీద కోపం నేదమ్మా" అని చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆఖరున నోయెల్ వంతు వచ్చింది. ఒక ఫీల్డరు, ఒక అంపైరు. ఇంటికి నడుస్తుంటే వాణ్ణి పలకరించడానికి నాకు మొహం చెల్లలేదు. వాడే జేబులోంచి అంపైరుని తీసి చూపించి, "అమ్మా, ఇది నిజింగా నాకొచ్చింది" అన్నాడు. గొంతులో ఏ నిష్టూరమూ లేదు, సంతోషంగానే అన్నాడు. ఆ పూట ఇంట్లో అన్నం మా ఆయనే వడ్డించి, "సల్లారిపోతంది, తిను" అన్నారు.

మర్నాటి నుంచి పిల్లలు మళ్ళీ మౌసా కుండ ఖాళీ చేయడం మొదలుపెట్టారు. నేను మాత్రం ఒక నెల రోజులు ఆ వీధి తప్పించుకుని, చుట్టుదారిన డ్యూటీకి వెళ్ళాను. కానీ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు ఊళ్ళోవాళ్ళని ఎంతకాలం తప్పించుకోగలరు? ఒక సోమవారం షుగరు పరీక్షకి రక్తం తీసే గదిలో నేను తల వంచుకుని గొట్టాల మీద పేర్లు రాస్తుంటే, ఎదుటి కుర్చీలో ఎవరో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచారు. తలెత్తితే మౌసా. ఆయన వెనక గుమ్మం దాకా వరస.

"నమస్కారం మౌసా," అని ఆయన చేతికి రబ్బరు పట్టీ కట్టి, రెండు వేళ్ళూ చాచాను.

ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "తడమకూడదు సిస్టర్ మా. కళ్ళు మూసుకుని ఎక్కడ పడితే అక్కడ పొడువు. ఏది వస్తే అదే నా అదృష్టం."

"అయ్యో మౌసా, అలా పొడిస్తే పదిసార్లు పొడవాలి!"

"తొమ్మిది చాలు. పింకి తొమ్మిది ప్యాకెట్లు కొని తొమ్మిదిసార్లు పొడిపించుకుంది."

వరసలో వాళ్ళందరూ మెడలు చాచారు. కథ తెలియనివాళ్ళకి తెలిసినవాళ్ళు చెవిలో చెప్పడం నాకు వినిపిస్తూనే ఉంది. బతిమాలాను. జాలిపడ్డాడు, కానీ ఊరికే కాదు. ముందు ప్రమాణం, తర్వాత నరం అన్నాడు. లేచి నిలబడమన్నాడు. సూది ట్రేలో పెట్టేసి, చూపుడు వేలూ మధ్య వేలూ పైకెత్తి, ఆయన ఒడియాలో ఒక్కొక్క మాటే అందిస్తుంటే నేను గట్టిగా అన్నాను:

"స్టాఫ్ నర్సు సుగుణ అనే నేను, ఈ రెండు వేళ్ళ సాక్షిగా, మనిషి చేతిని తప్ప, మూసి సీలు వేసిన దేన్నీ ఇక తడమను, పిసకను, ఊపను, చెవి దగ్గర పెట్టుకోను, వెలుతురుకి అడ్డం పెట్టి చూడను. పిల్లల అదృష్టాన్ని పిల్లలకే వదిలేస్తాను. నా వేళ్ళు చేసిన పనిని దేవుడి మీద వెయ్యను. ఈ మాట తప్పితే నాకు నరం దొరకకుండు గాక."

వరసలో ఉన్న పదకొండు మందీ ఒకే గొంతుతో "ఆమెన్" అన్నారు. నాకు తెలిసి వాళ్ళలో క్రైస్తవులు ఇద్దరే.